చప్పట్లలో పోయిన మెషీన్

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కటింగ్ మెషీన్ ఉండాల్సిన చోట ఆ పొద్దున ఊడదీసిన బోల్టులు, ఇంత నూనె మరక మాత్రమే కనిపించేసరికి చైర్మన్‌కి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

ఉన్నది ఆ ఒక్క మెషీనే. అది లేకపోతే పెట్టె తయారవదు. పెట్టెలు అమ్ముడుపోకపోతే ఫ్యాక్టరీకి తాళమే.

వెంటనే వాచ్‌మన్‌ని తన గదికి పిలిపించాడు.

చైర్మన్ మామూలు తెలుగు మాట్లాడి చాలా కాలమైంది. మేనేజ్‌మెంట్ కోర్సు చేసి వచ్చాక, భోజనాల దగ్గర భార్యతో కూడా “ఉప్పు విషయంలో ఒకసారి కనెక్ట్ అవుదాం” అనేవాడు.

“నిన్నటి అవుట్‌బౌండ్ మూవ్‌మెంట్ మీద నీ విజిబిలిటీ ఏంటి?” అని గద్దించాడు.

వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు. “నా చూపు బాగానే ఉంది సార్.”

“మెషీన్ ఏమైందిరా అంటున్నా!”

“అలా అడగండి మరి! నిన్న సాయంత్రం లారీలో పోయింది. పనివాళ్ళతో సహా అందరూ పైన మీటింగ్‌లో ఉన్నారు. మీ చప్పట్లు గేటు దాకా వినబడ్డాయి.”

“లారీని ఆపొద్దూ?”

“ఆపాను సార్. ‘పైన ఒప్పుకున్నారు, కావాలంటే అడుగు’ అన్నాడు డ్రైవరు. అడుగుదామని పైకొస్తే, ‘బ్రెయిన్‌స్టార్మింగ్ జరుగుతోంది, పో’ అని నా ముఖాన తలుపేసింది మీరేగా!”

చైర్మన్ ముఖం మాడిపోయింది. “దొంగలతో చేతులు కలిపి నాకే కథలు చెబుతావా? ఊచలు లెక్కపెట్టిస్తా!”

వాచ్‌మన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

అప్పుడే జనరల్ మేనేజర్ లోపలికొచ్చాడు. చైర్మన్‌కి స్వయానా బావమరిది. మాటల్లో బావని మించినవాడు. నిన్నటి మీటింగ్ పెట్టించింది, ప్రసంగం దంచింది అతనే. అది వింటూ చైర్మన్ కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

“సమయానికొచ్చావోయ్! పోలీసులకి ఫోన్ కొట్టు. వీడు మన మెషీన్ అమ్మేశాడు.”

బావమరిది తాపీగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “వాణ్ణి వదిలెయ్యండి బావా. వాడికేం తెలుసు, పాపం!”

“అయితే ఎవడు అమ్మాడు?”

“నేనే. నిన్న అందరి ముందూ చెప్పాగా, ‘కోర్ అసెట్‌ని బయటి ఎకోసిస్టమ్‌లోకి అన్‌లాక్ చేసి, అసెట్ లైట్ జర్నీ మొదలుపెడదాం; వాల్యూ మొత్తం నా లెవెల్లో క్యాప్చర్ అవుతుంది’ అని? తెలుగులో చెప్పాలంటే, మెషీన్ అమ్మేసి డబ్బంతా నేనే నొక్కేస్తానని! ఎవరికైనా అభ్యంతరమా అని మళ్ళీ మళ్ళీ అడిగాను బావా, అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది మీరే.”