సారు మాటసాయం

ఈసారి కూడా రాలేదు.

బెంజ్ సర్కిల్లో ప్లేస్‌మెంట్ ఆఫీసు మెట్లు దిగుతూ తారిక్ పళ్ళు నూరుకున్నాడు. మొదట ఆటోనగర్లో విడిభాగాల గోడౌను. ఇప్పుడు గన్నవరం రోడ్డులో మందుల గోడౌను. ఇంటర్వ్యూలో నవ్వుతూనే మాట్లాడతారు. మంచినీళ్ళిస్తారు. కబురు చేస్తామంటారు. ఆ తర్వాత కబురూ ఉండదు, కాకరకాయా ఉండదు. తన పేరు చూసి పక్కన పెట్టారా, చొక్కా చూసి పెట్టారా? అదీ తెలీదు. తెలిస్తే కనీసం చొక్కా అయినా మార్చుకుంటాడు.

కొండపల్లి అవతల పైపుల ఫ్యాక్టరీకి తాళం పడేదాకా అతను అక్కడ స్టోర్స్ అసిస్టెంటు. వాళ్ళింట్లో డిగ్రీ చదివింది అతనొక్కడే. తండ్రి అబ్దుల్ రవూఫ్ వన్‌టౌన్‌లో పరుపులు కుడతాడు. ఉద్యోగం అడిగిన ప్రతిచోటా, బంధువు కాని పెద్దమనిషి పేరొకటి రిఫరెన్సుగా ఇవ్వమంటున్నారు. తండ్రికి తెలిసిన పెద్దమనుషులంతా ఆయన దగ్గర పరుపులు కుట్టించుకున్నవాళ్ళే.

తారిక్‌కి తెలిసింది ఒక్కరే. ఆ ఫ్యాక్టరీలో స్టోర్స్ మేనేజరుగా చేసిన రామకోటేశ్వరరావు గారు.

ప్లేస్‌మెంట్ ఆఫీసులో అభ్యర్థుల సంగతులు చూసే రాజ్యశ్రీ అతనికి మొదట్లోనే ఒక సలహా ఇచ్చింది. పేరు ఇచ్చేసి ఊరుకోకూడదు, ముందుగా వెళ్ళి ఆయనకి కంపెనీ ఏదో, పనేమిటో వివరంగా చెప్పుకోవాలి, అప్పుడే ఆయన మాటకి బలం ఉంటుందని. పరిచయాలు నిలబెట్టుకోవడం కూడా ఉద్యోగంలో భాగమేనంది. తారిక్ ఆ మాట తు.చ. తప్పలేదు. ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు కోసే రోజులు, అతనికి సెల్లు లేదు. ప్రతిసారీ సిటీ బస్సెక్కి పటమటలో సారు ఇంటికి వెళ్ళి, చెప్పాల్సిందంతా చెప్పి వచ్చేవాడు.

"కంపెనీకి తాళం పడ్డాక కూడా ఆయన నీకు సారేనా?" అన్నాడు తండ్రి, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

తారిక్‌కి చివుక్కుమంది. తనకున్న ఒకే ఒక్క పెద్దదిక్కుని పట్టుకుని అలా అనొద్దన్నాడు.

మూడోది పామర్రులో ఎరువుల కంపెనీ. గోడౌన్ ఇన్‌చార్జి కావాలన్నారు. ఇంటర్వ్యూలో యజమాని చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడాడు. రిఫరెన్స్ ఇచ్చినాయనతో ఒకసారి మాట్లాడి ఖాయం చేస్తామన్నాడు. ఇక ఇది పోతే తను పరుపుల దగ్గర కూర్చోవాల్సిందే. ఆ సాయంత్రమే తారిక్ పటమట వెళ్ళాడు.

సారు జుట్టుకి రంగు వేసుకుని ఉన్నారు. పదేళ్ళు తగ్గినట్టున్నారు. లోపలినుంచి మేడమ్ గారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఇదివరకైతే కాఫీ వచ్చేది.

సారు అంతా శ్రద్ధగా విన్నారు. జీతం ఎంతన్నారో అడిగారు. పామర్రుకి పొద్దున్నే బస్సులు బాగానే ఉంటాయా, రోజూ వెళ్ళి రావడానికి వీలవుతుందా అని అడిగారు. ఇంత ఆరా తన కన్నతండ్రి కూడా తియ్యలేదనుకున్నాడు తారిక్.

"వయసేమన్నా పెట్టారా?"

"లేదండీ. అనుభవం ఉంటే చాలన్నారు."

సారు జుట్టు ఒకసారి సవరించుకున్నారు.

"నీ గురించి ఉన్నదే చెప్తాను నాయనా. ఒక్క మాట కూడా తక్కువ చెయ్యను."

వారం తిరిగినా కబురు లేదు. తారిక్ ఇంక ఆగలేకపోయాడు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా సారు రుణం ఉంచుకోకూడదని, దారిలో అరకిలో బందరు లడ్డు కట్టించుకుని ముందు ప్లేస్‌మెంట్ ఆఫీసు మెట్లెక్కాడు.

అతన్ని చూసి రాజ్యశ్రీ తన చేతిలోని ఫోన్ పెట్టేసింది.

"పామర్రు పోస్టు నిండిపోయిందండీ."

ఇన్నాళ్ళూ లోపల అణచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. అయినా తారిక్ గొంతు పెంచలేదు.

"నాలో ఏం తక్కువండీ? అది చెప్పండి చాలు, దిద్దుకుంటాను. చెప్పులు అరిగిపోతున్నాయి గానీ నా తప్పేంటో ఒక్కరూ చెప్పరు."

"మీలో తక్కువేం లేదండీ. వాళ్ళకి మీరు బాగా నచ్చారు."

"మరి మా సారుతో మాట్లాడలేదా?"

"మాట్లాడారు. వాళ్ళు ఫోన్ చేసేలోపే ఆయన స్వయంగా పామర్రు వెళ్ళారట. పనిదొంగ కాదు, చేతివాటం లేదు, ఇలాంటి కుర్రాడు మళ్ళీ దొరకడు అన్నారట."

తారిక్ కళ్ళు చెమర్చాయి. ఇంత ఎండలో, ఈ వయసులో, తన కోసం బస్సులో నిలబడి అంతదూరం వెళ్ళారు. ఉద్యోగం పోతే పోయింది. అలాంటి మనిషి ఒకరు వెనకాల ఉన్నారు, అది చాలు.

"ఎవరికండీ ఆ ప్యాకెట్?" అంది రాజ్యశ్రీ.

"ఆయనకేనండీ. ఇటు నుంచి ఇటే వెళ్ళి ఇచ్చేసి వస్తాను."

రాజ్యశ్రీ పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. అతని మొహంలోకి చూడలేక ఆ లడ్డు ప్యాకెట్ వైపే చూస్తూ నెమ్మదిగా అంది.

"మీ గురించి చెప్పాల్సిందంతా చెప్పి, లేవబోతూ, ఆ జీతానికి నేనే వస్తానండీ అన్నారట మీ సారు."