రెండు లాప్‌టాప్‌ల తగువు

"మీ నెట్‌వర్క్ నా లాప్‌టాప్‌లో కనబడి చావట్లేదు!" హాల్లో అత్తగారి గొంతు ఖంగుమంది.

"నీ లాప్‌టాప్ పాతది. చత్వారం వచ్చుంటుంది," మామగారు ఇంకా గట్టిగా అన్నారు.

గదిలో కొత్తకోడలు ఉలిక్కిపడింది. కాపురానికొచ్చి నెల కావస్తున్నా ఆ ఇంట్లో ఆమె నోటివెంట "ఊఁ", "సరే" తప్ప మరో మాట రాలేదు. భర్త ఆఫీసుకెళ్తే తలుపు ఓరగా వేసుకుని ఫోను చూస్తూ కూర్చునేది.

బయట తగువు ముదిరింది. రౌటర్ మూలపడిందట. పెళ్ళి ఫొటోలు మామగారి లాప్‌టాప్ నుంచి అత్తగారి దాంట్లోకి నేరుగా పంపాలట.

"పాత కంప్యూటర్లలో రెండింటినీ ఇట్టే కలిపేవాణ్ణి. దీంట్లో ఆ ఆప్షనే లేదు!"

"చేతకాదని చెప్పొచ్చుగా!"

ఇక కోడలు ఉండబట్టలేకపోయింది. హాల్లోకొచ్చి, "మెనూలోంచి తీసేశారు మామయ్యా. కమాండ్‌తో పెట్టొచ్చు," అంది మెల్లగా.

మామగారి లాప్‌టాప్‌లో కమాండ్లు రాసే నల్ల తెర తెరిచి రెండు లైన్లు కొట్టింది. నెట్‌వర్క్ లేచింది. అత్తగారి తెర మీద మాత్రం జాడ లేదు.

"అత్తయ్యా, విమానం గుర్తు నొక్కేశారు! వై-ఫై ఆగిపోయింది. ఎక్కడికి ఎగిరిపోదామనీ?"

అత్తగారు నాలిక్కరుచుకున్నారు.

ఆ గుర్తు తీసేశాక రెండూ కలిశాయి కానీ ఫొటోలు కదల్లేదు. చూస్తే షేరింగ్ ఆపేసి ఉంది. దాన్ని సరిచేస్తుంటే మామగారి వేలు మళ్ళీ కీబోర్డు మీదికి పాకింది.

"మామయ్యా, చెయ్యి తీయండి! ఏదీ నొక్కొద్దు!"

అనేసి కోడలు బిక్కచచ్చిపోయింది. మామగారు బుద్ధిగా చేతులు రెండూ పైకెత్తేశారు. ముందు అత్తగారు నవ్వారు. తర్వాత ముగ్గురూ పొట్టలు పట్టుకున్నారు.

ఫొటోలు బిలబిలా వచ్చిపడ్డాయి. ఒకదాంట్లో కోడలు నోరంతా తెరిచి ఆవులిస్తోంది. "అయ్యో, ఇది తీసేయండి అత్తయ్యా!"

"చస్తే తీయను. గోడకి తగిలిస్తా."

మధ్యాహ్నం కోడలు ఫోనులో తల్లితో గలగలా చెబుతోంది: "వీళ్ళు ఒట్టి అమాయకులే అమ్మా! నేను లేకపోతే ఒక్క పూట గడవదు!"

హాల్లో సోఫాలో పక్కపక్కనే కూర్చున్న అత్తామామలు చెవులు రిక్కించి అంతా విన్నారు. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుని, మామగారి చెవి దగ్గరికి వంగారు.

"రేపేం పాడుచేద్దామండీ?"