ఒంటి గొంతు

"ఒంటి గొంతు భాగము హులిగమ్మ పాడును," అంది మిషను దొరసాని హార్మోనియం మూస్తూ.

మల్లమ్మ గుండెలో రాయి పడింది. ఎమ్మిగనూరు చర్చిలో తాను ఎత్తుకోనిదే ఏ పాటా లేవదు. ఆడవాళ్ళంతా ఆమె నోటి వెంట విని నేర్చుకునేవాళ్ళే. అట్లాంటిది, క్రిస్మస్ ముందర ఆదోనిలో బిషప్పుగారి ఎదుట జరిగే కచేరీలో, అందరూ ఊపిరి బిగబట్టి వినే ఆ ఒక్క ముక్కా కోసిగి నుంచి నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్లకా!

"ఆ పిల్లకు నలుగురి ముందర నిలబడేది గూడా రాదు దొరసానీ," అంది.

"నిలబడుట నీవు నేర్పుము మల్లమ్మా. పాట కూడా నీవే నేర్పుము. నేను ఆదోనిలో మగవారికి నేర్పుటకు పోవుచున్నాను. ఇక కచేరీ దినముననే కలుసుకొందము."

అది మామూలు పాట కాదు. రెండు వందల ఏండ్ల కిందట దొరల దేశాల్లో పెద్ద పెద్ద చర్చిల్లో పాడిన ఆరాధన సంగీతమట. దొరసాని దానికి తెలుగు మాటలు కూర్చింది. మగవాళ్ళు కింది గొంతుల్లో మోస్తూ ఉంటే, ఒక ఆడగొంతు "కరుణించుము ప్రభువా" అంటూ మెట్టు మీద మెట్టు ఎక్కాలి. చివరి "ప్రభువా" దగ్గర గొంతు పోయి కప్పును తాకాలి. వెంటనే ఆడవాళ్ళంతా అదే ముక్కను అట్లాగే అందుకోవాలి.

మరుసటి రోజు నుంచి పత్తి చేలోనే పాఠం. ఒడిలోకి పత్తి తీసుకుంటూ మల్లమ్మ ఒక్కో ముక్క పాడేది, పక్క సాలులో హులిగమ్మ తిరిగి పాడేది. ఒక్కసారి వింటే చాలు, ఆ పిల్ల గొంతులో పాట కుదురుకునేది. వినేకొద్దీ మల్లమ్మ కడుపు రగిలిపోయింది. ఇంత గొంతు ఆ బక్కప్రాణికెందుకిచ్చావని దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి మల్లమ్మ నోట పాట ఎక్కలేదు. మెల్లగా కిందికి దిగింది.

"అక్కా, ఆ పొద్దు దొరసాని పైకి ఎక్కించినట్టుండె గదా?"

"ఆమె ఒకసారి వాయించి పాయె. నేను ఎన్నేండ్ల నుంచి పాడతాండా! నాకే సెప్తావా?"

"తప్పయిందక్కా. దించుతా."

దించింది. అదీ వినసొంపుగానే ఉంది. మల్లమ్మకు ఇంకా ఒళ్ళు మండింది. కానీలే, బిషప్పు ముందర దించితే తెలుస్తుంది సంబడం! ఆ వెంటనే గుంపులోంచి తాను గొంతెత్తి పైకి ఎక్కించేస్తే, పాట ఎవరి సొత్తో ఆదోని అంతా చూస్తుంది. వెనక సాళ్ళలో పార్వతమ్మా మిగతా ఆడవాళ్ళూ ఆ ముక్కే కూనిరాగం తీస్తున్నారు. మల్లమ్మ చెవిలోకి మాత్రం హులిగమ్మ గొంతు తప్ప ఇంకేదీ దూరలేదు.

కచేరీ రోజు బస్సులో హులిగమ్మ తన కొప్పులోని పూలు సగం తుంచి మల్లమ్మ తలలో పెట్టింది.

"కాళ్ళు వణుకుతాండాయక్కా. నేను తప్పితే నువ్వు అందుకుంటావు గదా?"

"అందుకుంటాలే," అంది మల్లమ్మ. ఆ క్షణాన మనసు కొంచెం పీకింది. చెప్పేద్దామా అనుకుంది కూడా. కానీ దారిలో చెడి బస్సు ఆలస్యంగా చేరింది. పాడి చూసుకునే వ్యవధి లేదు. వాకిట్లో ఎదురుచూస్తున్న దొరసాని ఇంతమందినీ దాటుకొచ్చి హులిగమ్మనే దగ్గరికి తీసుకుంది. మల్లమ్మలో ఆ కాస్త జాలీ ఆవిరైపోయింది.

చర్చిలో ఇసుక వేస్తే రాలనంత జనం. ముందు వరసలో బిషప్పుగారు. హులిగమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "కరుణించుము..." గొంతు ఎక్కుతూ, ఎక్కుతూ పోయింది. జనం కదలడం మానేశారు. చివరి "ప్రభువా" దగ్గర మెల్లగా కిందికి దిగింది.

దొరసాని చెయ్యి గాలిలోనే ఆగింది. మల్లమ్మ నెత్తిన పాలు పోసినట్లయింది. ఇక తన వంతు. గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

ఆడవాళ్ళంతా అందుకున్నారు. "ప్రభువా" దగ్గర మల్లమ్మ గొంతు పోయి కప్పును తాకింది.

ఆమె గొంతు ఒక్కటే తాకింది. మిగతా వాళ్ళంతా, చేలో విన్నది విన్నట్టుగా, ఒక్కుమ్మడిగా కిందికి దిగిపోయారు. బిషప్పుగారితో సహా అందరి తలలూ మల్లమ్మ వైపు తిరిగాయి. పార్వతమ్మ మోచేత్తో ఒక పోటు పొడిచింది. మిగిలిన పాటంతా మల్లమ్మ పెదవులు మాత్రమే కదిపింది.

కచేరీ ముగియగానే దొరసాని ఆడవాళ్ళ దగ్గరికి విసవిసా వచ్చింది.

"ఒక్కరు పైకి, తక్కిన వారందరు కిందికి! పైకి ఎక్కినది ఎవరు?"

మల్లమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. సరైన పాట ఏదో తెలిసిన మనిషి దొరసాని ఒక్కతే కదా! కొంగు సవరించుకుని ముందుకొచ్చింది.

"నేనే దొరసానీ!"

దొరసాని నోరు తెరిచేలోపే హులిగమ్మ ఇద్దరి మధ్యలోకి వచ్చి చేతులు జోడించింది.

"అక్కను ఏమీ అనొద్దు దొరసానీ! పైకి ఎక్కించొద్దు, దించాల, దించాల అని మాకు దినామూ నేర్పించిందే అక్క. ఈ పొద్దొక్కపొద్దే పాపం, మర్సిపోయి ఎక్కించింది!"