పాప మందు పొట్లాలు

ఒక సోమవారం పొద్దున, ఇంటింటా మందులు తయారుచేసే యంత్రాలన్నిటిలోంచీ మోతాదులు చెరిగిపోయాయి. మా ఫార్మసీ కాలేజీకి అందరికంటే ముందు కోటేశ్వరి వచ్చింది. చంకలో ఎనిమిది నెలల పాప, చేతిలో డాక్టరు చీటీ.

"ఫిట్స్ మందండీ. మధ్యాహ్నం తప్పకూడదన్నారు. మీరే ఏదో ఒకటి చెయ్యాలి మేడంగారూ."

స్టోరులో పెద్దవాళ్ళ బిళ్ళలే ఉన్నాయి. నేను పాఠం చెప్పేది యంత్రాలకు మోతాదులు ఎక్కించడం. చేత్తో మందు కలపడం మావారు నేర్పేవారు. ఆయన పోయి మూడు నెలలైంది. ఆయన ల్యాబు తాళం ఆ రోజే తీశాను.

ఒక బిళ్ళలో పాపకు ఎన్ని మోతాదులో లెక్క కట్టాను. నా విద్యార్థిని నసీమా కల్వంలో బిళ్ళ నూరి, చిన్న మోతాదులుగా పంచే వీలుకోసం అందులో కలిపే పాలచక్కెర పొడి మొత్తం వంచబోయింది.

"ఆగు! ఇదేమన్నా దోసెల పిండా, ఒకేసారి పొయ్యడానికి?"

"యంత్రం అట్లాగే పోసిద్ది కదా మేడం!"

"సరిగ్గా కలవకపోతే మందంతా ఒక్క పొట్లంలోకే పోతుంది. కల్వంలో ఎంతుంటే అంతే పొడి వేసి నూరు. తర్వాత మళ్ళీ, అప్పటికి ఎంతుంటే అంత. సార్ చెప్పలేదూ?"

"చెప్పారు మేడం. నేనే నవ్వాను," అంది నసీమా, తలెత్తకుండా.

పదహారు పొట్లాలు కట్టి, ప్రతిదీ తూచాం.

సాయంత్రం, తర్వాత వచ్చినవాళ్ళ మందులు ఇంకా కలుపుతుండగానే, కోటేశ్వరి ఫోన్ చేసింది. "పాప ఆడుకుంటందండీ. ఫిట్స్ ఒక్కసారి కూడా రాలా."

నసీమా, నేను పొడి అంటిన చేతులతోనే చాలాసేపు నవ్వుకున్నాం.

మరునాటికి యంత్రాలు బాగయ్యాయి. మా వంటింటి యంత్రం ఎప్పటిలాగే రెండు బీపీ బిళ్ళలు ఇచ్చింది, నాదీ ఆయనదీ. దానిలోంచి ఆయన పేరు నేనింకా తీసెయ్యలేదు.