అడ్డంగా కట్టిన తలపాగా

సూర్యుడు దిగే వేళకి ముసలాయన మళ్ళీ రోడ్డుకి అడ్డంగా తలపాగా కట్టేశాడు.

ఒక కొస వేపచెట్టుకి, ఇంకో కొస తన చేతికి.

కంకర లారీలు వరసగా ఆగిపోయాయి. ఇంజినీరు ముతసిం తల పట్టుకున్నాడు.

ఆ తలపాగాకి కాస్త అవతలే అతని ప్రాణమంతా ఉంది. చక్కెర మిల్లు పారబోసే బూడిదని, కొంచెం సున్నంతో నల్లమట్టిలో కలిపి రోలరుతో తొక్కించిన రోడ్డు పునాది. గట్టిపడేదాకా దాని మీద చక్రం ఎక్కకూడదు, లారీలు పక్కదారిన చుట్టి పోవాలి. ఎక్కి చెడిందా, పండగ తర్వాత వచ్చే పెద్దాఫీసరు బూడిద పనే మానిపిస్తాడు. వానలకి ఈ నల్లమట్టి జజీరా ఊళ్ళు మళ్ళీ బురదలో కూరుకుపోతాయి.

“హాజ్జీ! రంజాన్ విందుకి నా రోడ్డే దొరికిందా?”

“రోడ్డు నీదే బాబూ, పరువు మాది. ఉపవాసమున్నవాణ్ణి అన్నం పెట్టకుండా ఊరు దాటనిస్తే నలుగురూ ఏమంటారు? రా, కూర్చో.”

చాపల మీద జొన్నపిండి అసీదా ముద్దలు, కూజాల్లో చల్లటి హిలూమూర్ పానీయం. డ్రైవర్లు గొణుక్కుంటూ దిగారు, తింటూ నవ్వుకున్నారు.

ముతసిం కూర్చోలేదు. జీపులోనే ఖర్జూరం నములుతూ కాపలా కాశాడు. ఆ ఊళ్ళో అంతకన్నా పెద్ద అవమానం లేదు. ఖార్టూం పట్నం మనిషి కదా అని ముసలాయన సరిపెట్టుకున్నాడు.

“ఎవరి కోసం బాబూ ఈ కాపలా?”

“దఫల్లా కోసం. ఈ లారీలన్నీ వాడివేగా! బూడిద నిలిస్తే వాడి కంకర ఎవడికి కావాలి? ఏదో ఒక సాయంత్రం నా పునాదిని తొక్కించేస్తాడు. మంచోడు కాదట.”

“మొండోడే,” అన్నాడు ముసలాయన గడ్డం నిమురుకుంటూ. “మరీ నమ్మకు.”

నల్లమట్టిని కాలితో తడుతూ అడిగాడు. “ఈ మట్టికి ఆకలెక్కువ. ఎంత కంకర పోసినా వానాకాలానికి మింగేస్తుంది. బూడిదకి నోరు మూస్తుందంటావా?”

“మూసి తీరుతుంది.”

“అయితే మూయించు.”

పండగ వెళ్ళింది. పెద్దాఫీసరు వచ్చి, నిండు లారీని పునాది మీద అటూ ఇటూ నడిపించాడు. గీత కూడా పడలేదు. మిగతా రోడ్డంతా ఇదే పోయమన్నాడు.

ముతసిం మీసం దువ్వుకుని, రోజూ పునాది దగ్గరే ఉండే మిల్లు కాపలావాణ్ణి పిలిచాడు.

“చూశావా, దఫల్లా మనల్ని చూసి భయపడ్డాడు!”

“అదేం కాదండీ. పొద్దు వాలితే ఇళ్ళకి చేరే తొందరలో ఆ డ్రైవర్లు పక్కదారి చుట్టు అవుతుందని రోజూ మన పునాది మీదికే దూసుకొచ్చేవాళ్ళు. తలపాగా చూసి ఆగేవాళ్ళు. కడుపు నిండాక పక్కదారినే నిమ్మళంగా పోయేవాళ్ళు.”

ముతసిం మీసం మీది చెయ్యి దింపేశాడు.

ఖర్జూరం బుట్ట పట్టుకుని వేపచెట్టు దగ్గరికి నడిచాడు, ఇవాళైనా ఆయన పక్కన కూర్చుని తిందామని. అక్కడ టీ అమ్మే హవ్వా తప్ప ఎవరూ లేరు.

“హాజ్జీ ఏరమ్మా?”

“ఆలస్యం చేశావు బాబూ. నిన్ననే లారీలన్నీ అమ్మేసి, పోర్ట్ సూడాన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.”

“హాజ్జీకి లారీలేంటి?”

హవ్వా టీ వడకట్టడం ఆపి అతన్ని ఎగాదిగా చూసింది.

“బాగుందయ్యా! నెలంతా నీ కళ్ళ ముందే తన లారీలకి తన తలపాగానే అడ్డం కట్టాడు, దఫల్లాని నువ్వు గుర్తుపట్టనే లేదా?”