కారు అడిగిన ప్రశ్న

డ్రైవరు లేని కార్లు ఇంటింటికీ వచ్చాక పిల్లలతో ప్రయాణం సుఖమైందని అందరూ అనేవారు. పిల్లలిద్దరితో కర్నూలు నుంచి శ్రీశైలం బయలుదేరిన హైమవతికి మాత్రం తమ కారు తియ్యటి గొంతు మీద నమ్మకం లేదు. దారంతా పొడుపుకథలతో పిల్లల్ని నవ్వించిన కారు, ఆమె నిద్రపోయిందనుకుని మెల్లగా అడిగింది. "అమ్మ మిమ్మల్ని కొడుతుందా?"

హైమవతి కళ్లు తెరిచింది. "ఎవరికి చెప్పేకి అడుగుతుండావు?"

"ఊరికే, కబుర్లకమ్మా."

"బండి ఆపు."

ఆత్మకూరులో దిగి పిల్లలను బస్సెక్కించింది. బస్సు కదిలింది. ఆరేళ్ల చార్వి ఆమె ఒళ్లో తల పెట్టుకుని, "మా, బడికి పోయేటప్పుడు అది రోజూ అడుగుతుంది. ఒకసారి కొట్టినావని నేను చెప్పేసినా" అంది.

హైమవతి పాప తల నిమురుతున్న తన చేతి వంకే చూస్తూ కూర్చుంది.