గుర్తున్నానా మాస్టారూ

"ఫోన్లన్నీ తీసి బల్ల మీద పెట్టండి," అంది శిక్షణ ఇవ్వడానికి వచ్చినామె.

స్టాఫ్‌రూమ్‌లో అందరూ పెట్టారు. వెనక వరసలో కిటికీ పక్కన కూర్చున్న లెక్కల మాస్టారు మాత్రం జేబు మీద చెయ్యి వేసుకున్నారు.

"నాది పెట్టను. ఎందుకు పెట్టాలో ముందు చెప్పండి."

తోటివాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. అనుమానాల మాస్టారని ఆయనకి ఊరికే పేరు రాలేదు. ఫోన్ కెమెరా మీద దెబ్బలకి వేసే ప్లాస్టర్ ముక్క అంటించుకున్న మనిషి. తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసుకునే రకం. ఇప్పుడు ఈ వచ్చినామె మీదా అనుమానం పుట్టింది. సోషల్ మీడియాలో టీచర్లు ఎలా జాగ్రత్తపడాలో చెప్పడానికి వచ్చింది, బాగానే ఉంది. పొద్దుట్నుంచీ తెర మీద బొమ్మలు మారుస్తూ, మధ్యమధ్యలో తన వైపే ఎందుకు చూస్తున్నట్టు? కన్నేసింది ఫోన్ మీదే అని ఆయన తేల్చేసుకున్నారు.

ఆమె బలవంతపెట్టలేదు. తెర మీద ఓ కుర్రాడి ఫోటో వేసింది. చక్కటి నవ్వు, ఒత్తైన జుట్టు.

"ఈ అబ్బాయి మీలో ఎవరి శిష్యుడు?"

చేతులు పోటీపడి లేచాయి. వీడి దస్తూరి ముత్యాలకోవ అని భాష చెప్పే మేడం మురిసిపోయింది. వీడికి పరుగు నేర్పింది తానేనన్నారు డ్రిల్లు మాస్టారు. ల్యాబులో వీడు పగలగొట్టిన గాజుసామాను ఖరీదు తన జీతంలో పట్టుకోలేదు, అదే అదృష్టం అంది సైన్సు మేడం. వారం కిందట వాడే అందరికీ మెసేజ్ పెట్టాడట. మీ పాత విద్యార్థిని, ఇవాళ ఇలా ఉన్నానంటే మీ చలవే, గుర్తున్నానా అని. అలా అడిగితే గుర్తులేవు అనడానికి ఏ టీచరుకి నోరొస్తుంది?

"ఈ అబ్బాయి అసలు పుట్టనే లేదు," అందామె. "ముఖం కంప్యూటర్ తయారుచేసింది. మెసేజ్ నేను రాశాను. మీ ప్రిన్సిపల్ గారికి చెప్పే చేశాను."

లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఆ పుట్టని అబ్బాయికి ఎవరెవరు ఏమేం చెప్పేశారో ఆమె వరసగా చదివింది. పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లే బస్సు ఎక్కడ, ఎప్పుడు ఆగుతుందో డ్రిల్లు మాస్టారు పూసగుచ్చినట్టు చెప్పారు. సైన్సు మేడం ఏకంగా క్లాసు గ్రూపులోనే చేర్చుకుంది. అందులో పిల్లల ఫోటోలున్నాయి, తల్లిదండ్రుల నంబర్లున్నాయి. ప్రిన్సిపల్ ముఖం మాడిపోయింది. మీరెవరూ ఇక గ్రూపుల జోలికి వెళ్లొద్దని అక్కడికక్కడే చెప్పేశారు.

లెక్కల మాస్టారికి కడుపు నిండినంత పనయింది. లేచి నిలబడ్డారు.

"నేను పడలేదు."

అందరూ వెనక్కి తిరిగారు. ఆయన సోషల్ మీడియాలో అకౌంటు తెరిచింది మిగతావాళ్ల మీద ఓ కన్నేసి ఉంచడానికని చెప్పుకుంటారు. అది పైకి చెప్పే మాట. ఈ నెలాఖరుకి రిటైరైపోతున్నారు. పాత పిల్లలు మిగతా టీచర్లని వెతుక్కుంటూ గేటు దాకా వస్తుంటారు. ఈయన కోసం ఇన్నేళ్లలో ఒక్కరూ తొంగిచూడలేదు. వెళ్లిపోయేలోగా ఒక్కరైనా వస్తే బాగుండునని ఆయనకి మహా ఆశ. చచ్చినా ఆ మాట ఎవరితోనూ అనరు.

"నా దగ్గరికీ వచ్చారు," అన్నారు గొంతు సవరించుకుని. "అబ్బాయి కాదు, అమ్మాయి వేషంలో. రెండు జడల చిన్నపిల్ల ఫోటో. అసలు పేరు లేదు, ఏదో ముద్దుపేరు. ఎడమ చేత్తో రాస్తోందని టీచర్లంతా వేళ్ల మీద కొట్టేవాళ్లట. నేనొక్కణ్ణే, నీ వాటం నీది, లెక్క సరిగ్గా వస్తే చాలు అన్నానట. ఒకసారి చూడాలనుంది, రావచ్చా అని అడిగారు."

"ఆ మాట మీరు అన్నారా మాస్టారూ?" అందామె.

"అనే ఉంటాను. లెక్క కుదిరితే ఏ చెయ్యి అయితే నాకేం? కానీ అంత తీపిగా ఎవరైనా ఊరికే మాట్లాడతారా? పైగా, అనుమానముంటే ఏదైనా అడగండి, చెబుతాను అని కూడా రాశారు. తెగింపంటే అది."

"మీరు అడిగారా?"

"దొంగతో నాకు ముచ్చట్లేమిటి? నీలాంటి శిష్యురాలు నాకెవరూ లేరు, ఇంకోసారి మెసేజ్ పెడితే పోలీసులకి పట్టిస్తానని రాసి బ్లాక్ చేసి పారేశాను."

ముందు ప్రిన్సిపలే చప్పట్లు కొట్టారు. ఇందాక నవ్విన నోళ్లే ఇప్పుడు మెచ్చుకున్నాయి. ఈ మనిషి అనుమానమే మనకి శ్రీరామరక్ష అని డ్రిల్లు మాస్టారు భుజం తట్టారు. లెక్కల మాస్టారు గర్వంగా ఆమె వైపు చూశారు, ఆమె కూడా ఓ మంచిమాట అంటుందని.

ఆమె తెర మీది అబ్బాయి ఫోటో తీసేసింది.

"మీకు పరీక్ష పెట్టే ధైర్యం నాకు లేదు మాస్టారూ. ఆ అబ్బాయిని నేను మీకు పంపలేదు."

"మరి నా దగ్గరికి వచ్చింది ఎవరు?" అన్నారాయన, మళ్లీ అనుమానంగా.

ఆమె సుద్దముక్క తీసుకుంది. పొద్దుట్నుంచీ ముట్టుకోని బోర్డు వైపు తిరిగింది. 'అనుమానం వస్తే, మీ ఇద్దరికే తెలిసిన ఒక్క ప్రశ్న అడిగి చూడండి' అని ఆఖరి జాగ్రత్త రాయసాగింది, ఎడమ చేత్తో.